మూడేళ్ల కాగితంలో 11వ పేరా

ప్రశ్న: సార్, మాది అనంతపురం. నాకు 29 ఏళ్లు. జేఎన్‌టీయూలో బీటెక్ చేసి, బెంగళూరులో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేశాను. పోయిన ఏడాది నాన్న చనిపోయారు. అమ్మను ఒంటరిగా వదల్లేక ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి అమెరికా కంపెనీది. హైదరాబాద్‌లో ఆఫీసు ఉందంటున్నారు. ఇంటి నుంచే పని, నెలకు 92 వేలు. కానీ లెటర్‌లో 'ఎట్-విల్ ఎంప్లాయ్‌మెంట్' అని ఉంది. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, నోటీసు లేకుండా తీసేయొచ్చట. రెండోది పెనుకొండ వైపు కారు విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో, క్వాలిటీ విభాగం. మూడేళ్ల ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్టు, నెలకు 48 వేలు. "కాగితం రాసిచ్చినోళ్ల దగ్గరే చేరమ్మా, మూడేండ్లు నిన్ను ఎవరూ కదిలించలేరు" అంటున్నాడు మా మేనమామ. ఇంటి లోను నెలకు 21 వేలు కట్టాలి. వచ్చే మాఘంలో నా పెళ్లి. ఏది సేఫ్? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పేర్లు కొట్టేసి రెండు లెటర్లూ జత చేస్తున్నాను. 18వ తేదీలోగా ఇద్దరికీ జవాబు చెప్పాలి.
ఒక సోదరి, అనంతపురం

సమాధానం: అమ్మా, మీరు పంపిన రెండు లెటర్లూ రెండేసి సార్లు చదివాను. ముందు మీ మామ మాట దగ్గర మొదలుపెడతాను. మీ భయం అమెరికా కంపెనీ మీద ఉంది, మీ ధైర్యం ఆయన మాట మీద ఉంది. ఆ రెండూ కొంచెం చోటు మారాలి.

ఆయన చెప్పింది కౌలు లెక్క. మన సీమలో ఉగాది నుంచి ఉగాదికి కౌలు మాట్లాడుకుంటారు. చెనక్కాయ విత్తాక, పైరు చేలో ఉండగా, భూమి గలాయన వచ్చి లేచిపొమ్మంటే ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. గడువు అంటే ఆయన దృష్టిలో అది. ఆ లెక్కన మూడేళ్లని రాసిన కాగితం మూడు పంటల భరోసా. తప్పేమీ లేదు, ఆయన చూసిన లోకంలో అది నిజమే.

కానీ మీ కాంట్రాక్టు నాలుగో పేజీ తీయండి. 11వ పేరా. రెండు పక్షాల్లో ఎవరైనా 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేసి, లేదా ఆ 30 రోజుల జీతం చెల్లించి, కారణం చూపకుండానే ఒప్పందాన్ని ముగించుకోవచ్చని ఉంది. మొదటి పేజీలో మూడేళ్లు ఇచ్చారు, నాలుగో పేజీలో వెనక్కి తీసుకున్నారు. మీ చేతిలో మిగిలింది ఒక నెల. అదే పేజీ కింద 14వ పేరా ఉంది. మీరు 18 నెలల లోపు మానేస్తే లక్షన్నర కట్టాలి. వాళ్లు నెల జీతంతో మిమ్మల్ని పంపించవచ్చు, మీరు వెళ్లాలంటే మాత్రం లక్షన్నర. పైరు మీద ఉన్నా నెలలో లేచిపొమ్మంటాం, నువ్వు మాత్రం మధ్యలో వదిలితే జరిమానా అంటే ఏ రైతు కౌలుకు దిగుతాడు?

ఇలాంటి షరతునే బాండ్ అంటారు. ఆ మాట అనగానే అది చెల్లదని చాలామంది ధీమాగా చెప్తారు. నమ్మకండి. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు ఉద్యోగి కేసులో, మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. నియామకానికి ఆ బ్యాంకు పెట్టే ఖర్చు, శ్రమ అన్నీ చూసి అలా అంది. అలాగని రాసుకున్న ప్రతి పైసా వసూలు చేసుకోవచ్చనీ కాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. రాసుకున్న అంకె దానికి పైహద్దు మాత్రమే. అయినా ఆ వాదన కోర్టులో చేసుకోవాల్సి వస్తుంది. అందుకే సంతకానికి ముందే దాని గురించి మాట్లాడాలి. ఇంకొకటి, చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి తెచ్చుకోండి, వాళ్ల బీరువాలో పెట్టి రాకండి.

ఈ గడువు కాగితాల మీద నాకు ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. 1990ల్లో కర్నూలు దగ్గర ఒక ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. కార్మికుల హాజరు రాసే మస్టర్ రిజిస్టర్ నా చేతిలో ఉండేది. ఒక ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే, అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఆ కార్మికుడిని ఊరికే పంపడానికి లేదు. నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా కట్టాలి. ఆ 240 అంకె దగ్గరికి ఎవరూ రాకుండా చూడడం నా పని. ప్రతి పేరు పక్కన రోజులు కూడి పెన్సిల్‌తో రాసేవాణ్ని. 225 దాటితే ఆ పేరు కింద ఎర్ర సిరాతో గీత, పక్కన 'బ్రేక్' అనే మాట. మర్నాడు ఆ మనిషి టిఫిన్ క్యారియర్‌తో గేటు దగ్గరికి వస్తే వాచ్‌మన్ టోకెన్ ఇచ్చేవాడు కాదు. కొన్నాళ్లు బయట ఉంచి, కొత్త కాగితం మీద వేలిముద్రో సంతకమో తీసుకుని మళ్లీ లోపలికి పిలిచేవాళ్లం. అలా ఏళ్ల తరబడి తాత్కాలికంగానే ఉంచి పర్మినెంట్ హక్కులు ఎగ్గొట్టడం చట్టం అన్యాయపు పద్ధతుల జాబితాలో పెట్టిన తప్పు. అది నాకు అప్పుడు తెలియదు. తెలిశాక ఆ రిజిస్టరు పట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఆ గేటు బయట నిలబడ్డవాళ్లలో ఒకాయన బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. పాత బిస్కెట్ డబ్బాలో తన వేతన చీటీలన్నీ దాచుకున్నాడు. నేను మడతపెట్టి ఇచ్చిన చీటీలే అవి. మూలన నూనె మరకలు, వెనకాల ఇంటి ఖర్చు లెక్కలు. ఒక ఏడాది మా లెక్క తప్పింది. ఓవర్‌టైమ్ పేరుతో సెలవు రోజుల్లో పిలిపించిన రోజులు రిజిస్టర్‌లో ఎక్కలేదు గానీ, ఆయన చీటీల్లో ఉన్నాయి. లేబర్ ఆఫీసులో బల్ల మీద ఒక్కో చీటీ పరిచి లెక్కపెట్టారు. 251 వచ్చింది. యాజమాన్యం అక్కడికక్కడే సర్దుబాటుకు దిగింది. అదే డబ్బా లేకపోతే ఆయనకు దక్కేది ఏమీ లేదు. 240 రోజులు పనిచేశానని నిరూపించుకోవాల్సింది కార్మికుడేనని సుప్రీంకోర్టు కూడా 2002లో చెప్పింది. ఆ డబ్బా సంగతి మీకు మళ్లీ అవసరం పడుతుంది, గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఫిక్స్‌డ్ టర్మ్ మంచి కూడా చెప్పాలి. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం గడువు మీద తీసుకున్నవాళ్లకు కూడా, అదే పని చేసే పర్మినెంట్ ఉద్యోగికి ఇచ్చే వేతనం, పని గంటలు, సౌకర్యాలే ఇవ్వాలి. గ్రాట్యుటీకి ఐదేళ్లు ఆగక్కర్లేదు, ఏడాది చేస్తే చాలు. మధ్యలో లేబర్ కాంట్రాక్టరు ఉండడు, కంపెనీయే నేరుగా పెట్టుకుంటుంది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత సర్వీసు మట్టిలో కలిసే పద్ధతితో పోలిస్తే ఇది ఎంతో మేలు.

అయితే రక్షణ దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. 1984లో పాత పారిశ్రామిక వివాదాల చట్టానికి ఒక మినహాయింపు చేర్చారు. గడువు ముగిసి కొనసాగించకపోయినా, ఒప్పందంలోనే రాసుకున్న షరతు ప్రకారం ముందే ముగించినా, అది ఆ చట్టం దృష్టిలో 'రిట్రెంచ్‌మెంట్', అంటే పరిహారం ఇవ్వాల్సిన తొలగింపు, కాదు. కాబట్టి ఏడాదికి 15 రోజుల పరిహారం వచ్చేది కాదు. కొత్త కోడ్‌లోనూ గడువు పూర్తయి పంపిస్తే ఆ పరిహారం లేదు. తేదీ వేసిన కాగితానికి లేని ఈ రక్షణ, తేదీ వేయని మామూలు ఉద్యోగానికి ఉంది. మీ మామకు ఇది నమ్మబుద్ధి కాదు. నాకూ మొదటిసారి చదివినప్పుడు కాలేదు.

ఇక 'ఎట్-విల్'. ఇది అమెరికా మాట. 1877లో హొరేస్ వుడ్ అనే న్యాయ రచయిత తన పుస్తకంలో, కాలం చెప్పకుండా పెట్టుకున్న ఉద్యోగం ఎవరి ఇష్టం వచ్చినప్పుడు వాళ్లు ముగించుకోవచ్చని రాశాడు. అక్కడి కోర్టులు దాన్ని పట్టుకున్నాయి. ఈరోజుకీ మోంటానా ఒక్కటి తప్ప మిగిలిన రాష్ట్రాలన్నిటా మామూలు పద్ధతి అదే. అక్కడ కూడా జాతి, మతం, లింగం లాంటివి చూసి తీసేస్తే కేసు అవుతుంది. పెద్ద కంపెనీలు ఒకేసారి చాలామందిని తీసేయాలంటే 1988 నాటి చట్టం ప్రకారం 60 రోజుల నోటీసు ఇవ్వాలి. అక్కడ అందరికీ ఇచ్చే లెటర్‌లో పేరు, జీతం మార్చి మీకు పంపించారు. మీ లెటర్‌లో తేదీ ముందు నెల, తర్వాత రోజు అన్న వరసలో ఉండడం చూసే ఉంటారు.

మన దేశంలో ఆ మాటకు అంత బలం లేదు. చట్టం ఇచ్చిన హక్కును సంతకం పెట్టి వదులుకున్నా, ఆ వదులుకోవడం చెల్లదు. హైదరాబాద్ కంపెనీ ఉద్యోగి అయితే దుకాణాలు, సంస్థల చట్టం వర్తిస్తుంది. 1988లో ఉమ్మడి రాష్ట్రం చేసిన ఆ చట్టమే ఇక్కడా ఉంది, తెలంగాణలోనూ ఉంది. దాని 47వ సెక్షన్ ప్రకారం, వరసగా ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో దానికి బదులు జీతమో ఇవ్వకుండా తీసేయకూడదు. ఐటీ కంపెనీలకు ప్రభుత్వం ఈ సెక్షన్ నుంచి మినహాయింపు ఇచ్చిందేమో మాత్రం కనుక్కోవాలి. టెస్టింగ్ లాంటి సాంకేతిక పని చేసేవాళ్లు కార్మిక చట్టం కాపాడే 'వర్కర్' నిర్వచనంలోకి కూడా రావచ్చు. హోదా పేరులో మేనేజర్ అని ఉందా లేదా అన్నది కాదు, రోజూ చేసే ముఖ్యమైన పని ఏమిటన్నదే కోర్టులు చూస్తాయి. ఏడాది దాటాక తీసేస్తే ఆ 15 రోజుల పరిహారం కూడా అడగొచ్చు. పది మందిని అజమాయిషీ చేసే మేనేజరు అయిపోతే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది. ప్రైవేటు కంపెనీ మేనేజరును తిరిగి ఉద్యోగంలో కూర్చోబెట్టమని కోర్టులు సాధారణంగా చెప్పవు, మహా అయితే నోటీసు జీతం ఇప్పిస్తాయి.

హక్కు ఉండడం వేరు, చేతికి రావడం వేరు. ఐటీలో ఉద్యోగాలు పోయేది టెర్మినేషన్ ఆర్డర్‌తో కాదు, ఎక్కువగా రాజీనామాతోనే. నా దగ్గరికి వచ్చిన పిల్లలు దాదాపు ఒకే కథ చెప్పారు. సాయంత్రం మీటింగ్ లింకు వస్తుంది. మామూలు మాటలే అనుకుని తెరిస్తే మేనేజరు పక్క గడిలో ఎప్పుడూ చూడని హెచ్‌ఆర్ మనిషి. "మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ బాగుంటుంది, రెండు నెలల జీతం ఇస్తాం. లేదంటే టెర్మినేట్ అని రాయాల్సి వస్తుంది. అరగంటలో మెయిల్ పెట్టండి." ఒకబ్బాయి అలాంటి ఫోన్ వచ్చేసరికి సప్తగిరి సర్కిల్‌లో బండి పక్కకు ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా, వాళ్లు చెప్పిన నాలుగు లైన్లు టైప్ చేసి పంపేశాడు. 'వ్యక్తిగత కారణాల వల్ల' అని. ఆ మూడు మాటలతో నాలుగేళ్ల సర్వీసుకు రావాల్సిన పరిహారం పోయింది. ఇష్టపడి మానేసినవాడికి చట్టం ఏం ఇప్పిస్తుంది? బలవంతం మీద రాశానని తర్వాత నిరూపించడం చాలా కష్టం.

మీకు ఆ రోజు రాకూడదనే కోరుకుంటాను. వస్తే మాత్రం "ఆలోచించుకుని రేపు చెప్తాను" అని ఒక్క మాట అనండి, అంతకు మించి వద్దు. ఆ రాత్రే మెయిల్ పెట్టండి: ఈరోజు ఇన్ని గంటల మీటింగ్‌లో నన్ను రాజీనామా చేయమన్నారు, నేను చేయడం లేదు, పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను. ఒక కాపీ మీ సొంత మెయిల్‌కు కూడా వెళ్లాలి. అపాయింట్‌మెంట్ లెటర్, ప్రతి నెలా పే స్లిప్, అప్రైజల్ కాగితం ఇప్పటి నుంచే కంపెనీ ల్యాప్‌టాప్ బయట దాచుకోండి. కంపెనీ డేటా, కోడ్ మాత్రం ముట్టుకోవద్దు, మీ కాగితాలే. బాయిలర్ ఆయన బిస్కెట్ డబ్బా అంటే ఇదే.

ఇంతసేపూ చెప్పిందంతా ఒక్క విషయం మీద నిలబడి ఉంది. మీ యజమాని ఎవరు? హైదరాబాద్‌లో ఆఫీసు ఉందని మీకు చెప్పారు. లెటర్‌లో మాత్రం ఎక్కడా ఆ మాట లేదు. పైన అమెరికా చిరునామా ఉంది, కింద సంతకం అక్కడి అధికారిది. పీఎఫ్ ప్రస్తావన లేదు. వివాదాలు అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర చట్టం ప్రకారం తేల్చుకోవాలని ఉంది. ఇది నన్ను ఎట్-విల్ కన్నా ఎక్కువ కలవరపెట్టింది. ఇక్కడ రిజిస్టరైన కంపెనీ మిమ్మల్ని ఉద్యోగిగా తీసుకుంటే పైన చెప్పినవన్నీ మీవి. అలా కాకుండా మిమ్మల్ని కన్సల్టెంట్‌గా పెట్టుకుని ఇన్వాయిస్ మీద డబ్బు పంపితే మీరు ఉద్యోగే కాదు. పీఎఫ్, గ్రాట్యుటీ, వేతన సెలవు, ఇన్సూరెన్స్ ఏవీ ఉండవు. అప్పుడు 92 వేలు 92 వేలు కాదు. తగాదా వస్తే అనంతపురంలో కూర్చుని డెలావేర్‌తో తేల్చుకోవాలి.

పెళ్లి సంగతి రాశారు కాబట్టి ఇంకొక మాట. ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసిన ఉద్యోగినికి మొదటి ఇద్దరు బిడ్డలకూ 26 వారాల వేతన సెలవు ఉంది. ఆ సెలవులో ఉండగా తీసేయడం నేరం. ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకూ ఇది వర్తిస్తుంది. సెలవు మధ్యలో కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది, ఒక కాంట్రాక్టు డాక్టరమ్మ కేసులో. కన్సల్టెంటుకు మాత్రం ఇది కూడా ఉండదు.

కాబట్టి ఈరోజే అమెరికా వాళ్లకు ఒక మెయిల్ పెట్టండి. నన్ను నియమించే భారతీయ కంపెనీ పూర్తి పేరు ఏమిటి, నా పీఎఫ్ ఆ పేరుతోనే కడతారా, ఆ కంపెనీ లెటర్‌హెడ్ మీద అపాయింట్‌మెంట్ లెటర్ ఇస్తారా? ఈ మూడే అడగండి. అవునని రాతలో వస్తే, నా సలహా ఆ ఉద్యోగమే. చేరేముందు నోటీసు 60 రోజులని రాయించుకోవడానికి ప్రయత్నించండి. 60 కాకపోతే 30 అయినా ఒప్పుకోండి. నోటీసు లేదన్న వాక్యం మాత్రం లెటర్‌లో ఉండనివ్వకండి. చాలా కంపెనీలు అడిగితే మారుస్తాయి, అడిగేవాళ్లే తక్కువ. రెండు జీతాలకూ తేడా 44 వేలు. అందులో నెలకు 30 వేలు ముట్టుకోకుండా పక్కన పెట్టినా ఆరు నెలల్లో లక్షా 80 వేలు అవుతుంది. ఎనిమిది నెలల లోను వాయిదాలు కట్టి ఇంకా కొంచెం మిగులుతుంది. 11వ పేరా ఇచ్చే నెల రోజుల కన్నా అది పెద్ద భరోసా. పెళ్లి ఖర్చులకు ఆ డబ్బు తీయమని ఇంట్లో అడుగుతారు, తీయకండి.

కాదని వచ్చినా, మాట దాటవేసినా పెనుకొండ వైపే వెళ్లండి. అప్పుడు వాళ్లను రెండు మార్పులు అడగాలి. తగిన కారణం లేకుండా మొదటి ఏడాది తీసేయకూడదని 11వ పేరాలో ఒక వాక్యం. వాళ్లే తీసేస్తే బాండ్ వర్తించదని 14వ పేరాలో ఒక వాక్యం. రెండోది దాదాపు తప్పకుండా ఒప్పుకుంటారు. మొదటిది కష్టమే, అయినా అడగండి.

18వ తేదీ గురించి కంగారు పడకండి. లెటర్‌లో ఒక విషయం స్పష్టం కావాలి, 22 దాకా సమయం కావాలి అని రెండు చోట్లా మర్యాదగా రాయండి. ఆ మాత్రానికి ఆఫర్ వెనక్కి తీసుకోరు.

మామతో వాదన వద్దు. మీ మంచి కోరే మనిషి. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చినప్పుడు 11వ పేరా మీరే తెలుగులో చదివి వినిపించండి. ఆయనకు అర్థమయ్యే మాటల్లో రాసి ఇస్తున్నాను: "మూడేండ్లకని చేను ఇస్తున్నాము. మధ్యలో ఎప్పుడైనా సరే, నెల ముందు చెప్పి, ఎందుకో చెప్పకుండా, చేను వెనక్కి తీసుకుంటాము. నువ్వు ముందే వదిలిపోతే లక్షన్నర ఇచ్చుకోవాలి." విని ఆయన ఏమన్నాడో, హైదరాబాద్ సంగతి ఏమని జవాబు వచ్చిందో, రెండూ నాకు రాయండి.